సంచిలో మూత

పోయిన వారం ఆఫీసులో నాతో పనిచేసే ఒక జర్మన్ ఆయన ఇంటికి కాఫీకి పిలిస్తే వెళ్లాను. బల్ల మీద ఒక పాతకాలపు పింగాణీ జాడీ పెట్టి తీసుకోమన్నాడు. లోపల బిస్కెట్లున్నాయి. నేను మూత తీసి, బిస్కెట్ సంగతి మరిచిపోయి, మూతను తిరగేసి, లోపలి అంచును గోటితో గీకి, వేలి కణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాను. ఆయన భార్య ఎంతో మర్యాదగా, "ఏమైనా పురుగు కనిపించిందా?" అని అడిగింది.

నా చేతులకు ఈ అలవాటు అంటించిన మనిషి పోయిన చలికాలంలో చనిపోయింది. కబురు తెలిసిన రోజు నాకు ఏడుపు రాలేదు. ఆ బిస్కెట్ల బల్ల ముందు, చేతిలో పరాయివాళ్ల మూత పట్టుకుని, ఏం సంజాయిషీ చెప్పాలో తెలియక నవ్వుతూ కూర్చున్నప్పుడు వచ్చింది. కాఫీ వేడిగా ఉందని చెప్పి కళ్లు తుడుచుకున్నాను.

ఆమె పేరు రాయను. పేర్లంటే, ముద్రలంటే ఆమెకు గిట్టేది కాదు. జాడీ అడుగున ఫలానా కంపెనీ ముద్ర ఉందని ఎవరైనా మురిసిపోతే, "ముద్రదేమున్నది చెల్లె, ఎవడన్న గుద్దుతడు. మట్టిని అడుగు, అది చెప్తది" అనేది. జర్మనీలో, ఈ కొలోన్‌లో మా తెలుగువాళ్లందరం ఆమెను అక్క అనేవాళ్లం. ఇక్కడా అలాగే రాస్తాను.

అక్కది కరీంనగర్ వైపు. నాది రాజమండ్రి. ఆమె ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన ఎష్‌బోర్న్‌లో ఒక ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా చేసేది. కొన్ని రోజులు రైల్లో వెళ్లి వచ్చేది, మిగతా రోజులు ఇంట్లోంచే పని. ప్రోగ్రాం రాసినవాళ్లు అంతా బ్రహ్మాండంగా ఉందంటే నమ్మకపోవడమే ఆమె ఉద్యోగం. ఆ అపనమ్మకాన్ని ఆదివారం సంచిలో వేసుకుని ఫ్లోమార్క్ట్‌కు తెచ్చేది. ఫ్లోమార్క్ట్ అంటే ఇక్కడి పాత సామాన్ల సంత. అటకల మీద ఉన్నవన్నీ జనం దించుకొచ్చి దుప్పట్ల మీద పరుస్తారు. అందులో దీపాలుంటాయి, బూట్లుంటాయి, ఎవరి తాతగారో సైనికుడి దుస్తుల్లో దిగిన ఫొటోలుంటాయి. అక్క వాటి వైపు కన్నెత్తి కూడా చూసేది కాదు. ఆమెకు కావలసినవి కేక్స్‌డోజలు. బిస్కెట్లు దాచుకోవడానికి ఇక్కడి అమ్మమ్మలు వంటింట్లో పెట్టుకున్న మట్టి జాడీలు.

"బిస్కెట్ డబ్బాల కోసం ఇంత పొద్దున్నే నిద్ర లేవాలా?" అని మొదటిసారి వెళ్లినప్పుడు సణిగాను.

"నువ్వు ఇంట్ల గన్ని చీరెలు వెట్టుకొని జీన్స్ ఏస్కొని తిర్గుతవు. నేనేమన్న అడిగిన్నా?" అంది.

చేతికి జాడీ దొరికితే అక్క ముందు దాన్ని తిరగేసేది. పువ్వులెలా ఉన్నాయి, రంగులెలా ఉన్నాయి అని అందరూ చూస్తుంటే, ఆమె మాత్రం దాన్ని తలకిందులు చేసి అడుగు చూసేది. "ముందుగాల అరికాలు జూడాలె. మొహం అందరు మంచిగనే పెడ్తరు" అనేది. తర్వాత వేలి కణుపుతో తట్టేది. ఖంగుమని మోగితే గట్టి మట్టి, బాగా ఎక్కువ వేడిలో కాలింది. టప్‌మని చచ్చిన చప్పుడొస్తే అది తక్కువ వేడిలో కాలిన మెత్తటి మట్టి, లేదంటే ఎక్కడో కనిపించని నెర్రె ఉంది. ఆ రెంటిలో ఏదో తేల్చడానికి ఫోన్ లైట్ లోపల పెట్టి, కొంగలా మెడ వంచి ఒక కన్నుతో చూసేది. చివరిగా ముక్కు లోపల పెట్టి గట్టిగా వాసన పీల్చేది. జర్మన్లు చుట్టూ చేరి ఈ తతంగం చూసేవాళ్లు. నాకు సిగ్గేసేది, అయినా దగ్గరికి జరిగి నేనూ చూసేదాన్ని. చూడకుండా ఉండలేకపోయేదాన్ని.

ఒకసారి ఒక ముసలావిడ దగ్గర ఆకుపచ్చ జాడీ చూసి, "దీంట్ల మీరు బిస్కెట్లు ఎప్పుడూ పెట్టలేదు, గుండీలు పెట్టారు" అని తన వచ్చీరాని జర్మన్‌లో చెప్పింది. ముసలావిడ నోరు తెరిచింది. వాళ్లమ్మ దర్జీ పని చేసేదట, జాడీ నిండా కోట్ల గుండీలే ఉండేవట. నీకెలా తెలిసిందని దారి పొడుగునా అక్క ప్రాణం తీశాను. లోపల అడుగున సన్నటి బూడిదరంగు గీతలున్నాయనీ, ఇనుము, ఇత్తడి రాసుకుంటే గ్లేజ్ మీద అలాంటి గీతలు పడతాయనీ, బిస్కెట్లకు గీతలు పెట్టేంత పళ్లుండవనీ చెప్పింది. గ్లేజ్ అంటే మట్టి మీద గాజులా మెరిసే పూత.

ఆమెతో సంతకు వెళ్తే కోపం కూడా వచ్చేది. అమ్మేవాడికి తన సరుకు విలువ తెలియకపోతే అక్కే చెప్పేది. ఒక కుర్రాడు నీలం జాడీని కొత్తదనుకుని కప్పుల పక్కన పెట్టి అమ్ముతున్నాడు. అక్క దాన్ని తిరగేసి, తట్టి, వాసన చూసి, ఇది నీ వయసుకు మూడింతలు పాతది, కప్పుల పక్కన పెట్టకు, పగులుతుంది అని చెప్పి వచ్చేసింది. వాడు వెంటనే దాన్ని తీసి వెనక దాచుకున్నాడు. మూడు వారాలుగా అలాంటిదాని కోసమే తిరుగుతున్నాం.

"నోరు మూసుకుని కొనుక్కుని ఉంటే నీ సొమ్మేం పోయేది?" అన్నాను.

"గట్ల తెస్తే అది నా అల్మరాల కూసొని నన్నే జూస్తది. నాకు నిద్ర పట్టొద్దా?" అంది.

అక్క ఇంట్లో హాలు గోడంతా జాడీలే. అన్నీ ఖాళీ. కొత్తగా వచ్చినవాళ్లు లోపల ఏముందని అడిగితే, "ఏం లేదు. అవి రిటైరైనయి" అనేది. వచ్చినవాళ్లకు బిస్కెట్లు మాత్రం ఖాళీ ఐస్‌క్రీం డబ్బాలోంచి తీసి పెట్టేది. ఇంత అందమైన బిస్కెట్ జాడీలు పెట్టుకుని ఇదేం విడ్డూరమని నేను ఎన్నోసార్లు ఏడిపించాను. ఒకరోజు నన్ను కూర్చోబెట్టి చెప్పింది. పాత రోజుల్లో ఇక్కడ కొన్నిచోట్ల గ్లేజ్ మెరుపు కోసం సీసం కలిపేవారు. పొడి బిస్కెట్లకు పెద్దగా భయం లేదు కానీ పులుపు తగిలితే ఆ సీసం కరిగి తిండిలోకి దిగుతుంది. ఏ జాడీలో ఉందో, ఏ జాడీలో లేదో పైకి చూస్తే తెలియదు. "అందుకే నేను దేంట్ల పెట్టను. అనుమానం ఉన్నకాడ తిండి ఉండొద్దు" అంది.

ఇంతకీ ఆమెకు ఈ జబ్బు పట్టించింది జాడీ కాదు, ఒక మూత. కొలోన్ వచ్చిన మొదటి చలికాలంలో, రైన్ నది ఒడ్డున జరిగే సంతలో, చిల్లర సామాన్ల అట్టపెట్టెలో దొరికిందట. నారింజ రంగు మీద గోధుమరంగు మెట్లు మెట్లుగా ఉంటుంది. కుంచెతో వేసింది కాదు, అట్ట అడ్డం పెట్టి రంగును పిచికారీలా ఊదారు. అంచున ఒక పెచ్చు లేచి లోపలి లేత పసుపురంగు మట్టి కనిపిస్తుంది, గోరు పెడితే గీత పడేంత మెత్తటి మట్టి. దాని జాడీ ఏమైందో అమ్మినవాడికి తెలియదు.

ఆ మూత ఎవరిదో కనుక్కోవడానికి అక్క వెస్టర్‌వాల్డ్ కొండల్లో కుమ్మరులుండే ఊళ్లన్నీ తిరిగింది. చివరికి పని మానేసిన ఒక పెద్ద కుమ్మరి దాన్ని గుర్తుపట్టాడు. చాలా ఏళ్ల కిందట మూతపడ్డ ఒక చిన్న కార్ఖానాలో చేసినదట. వాళ్ల గ్లేజ్‌లో సీసం ఉండేదట. తర్వాత ఇంకెవరో అదే డిజైన్‌ను, అదే ముద్రతో సహా, గట్టి మట్టిలో చేశారు. వాటిలో సీసం లేదు. రెండూ పక్కపక్కన పెడితే కవలల్లా ఉంటాయట. ఆయనే ఇంకో మాట కూడా చెప్పాడు. ఆ పాత కార్ఖానాలో అంచుల మీది పూత తుడిచేసి, జాడీని, మూతను కలిపే బట్టీలో పెట్టేవారు. వేడికి జాడీ ఎటు వంకరపోతే మూత కూడా దాని మీద కూర్చుని అటే వంకరపోతుంది. అందుకని ఏ మూతకు ఆ జాడీయే. వేరేదాని మీద పెడితే టకటకమని ఊగుతుంది.

అప్పటినుంచి అక్క ఆ మూతను పాత తువ్వాలులో చుట్టి, సంచిలో పెట్టుకుని ప్రతి సంతకూ మోసుకొచ్చేది. నారింజ జాడీ ఎక్కడ కనిపించినా మూత తీసి పెట్టి చూసేది. వేలెడు వేలెడు తిప్పుతూ చుట్టూ ఒక తిరుగు తిప్పేది. టకటక. మళ్లీ తువ్వాలులో చుట్టేది. పిల్ల జాతకం పట్టుకుని ఊళ్లు తిరుగుతున్నావని నేను నవ్వేదాన్ని. "దొర్కుతది. ఎక్కడో ఒక కాడ అది గూడ నోరు తెర్సుకొని కూసున్నది" అనేది.

దొరికింది. సంతలో కాదు.

మా వీధి చివర సౌమ్య అని ఒక అమ్మాయి ఉండేది, గుంటూరు వైపు. భర్త, కీటా అనే ఇక్కడి బాలవాడికి వెళ్లే చిన్న పాప. సంత నుంచి వచ్చేటప్పుడు భోజనానికి రమ్మని ఒక ఆదివారం మా ఇద్దరినీ పిలిచింది. భర్త ఆఫీసు పనిమీద మ్యూనిక్ వెళ్లాడు. వంటింట్లోనే బల్ల, అక్కడే వడ్డించింది. పప్పు, వంకాయ కూర. "ఆగండి, ఇవాళ మీకు స్పెషల్" అంటూ అలమర మూల నుంచి రెండు చేతులతో ఒక జాడీ తెచ్చి బల్ల మీద పెట్టింది. జాడీ మూతికి పసుపు మరకల తెల్లగుడ్డతో వాసెన కట్టి ఉంది. గుడ్డ కింద నారింజ రంగు, దాని మీద గోధుమరంగు మెట్లు.

అక్క నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

"మా అత్తయ్య పెట్టిన ఆవకాయండీ" అంది సౌమ్య. "పోయినేడు వేసవిలో వచ్చినప్పుడు పెట్టారు. వెళ్లిన తర్వాత మూడు నెలలకే పోయారు. మా ఇద్దరికీ పెద్దగా పడేది కాదక్కా, అబద్ధమెందుకు. నేను వంటింట్లో ఉంటే ఆవిడ హాల్లో, ఆవిడ వంటింట్లో ఉంటే నేను హాల్లో. ఈ పచ్చడి పెట్టిన రెండ్రోజులే ఇద్దరం ఒక గదిలో ఉన్నాం. ముక్కలు నేను తుడిచాను, ఆవిడ కలిపారు. అప్పుడు చూడాలి ఆవిడ కబుర్లు! ఆయన చిన్నప్పటి సంగతులన్నీ ఆ రోజే తెలిశాయి నాకు."

"జాడీ ఎక్కడిది?" అంది అక్క.

"ఫ్లోమార్క్ట్‌లో నేనే కొన్నాను. మూత లేదని ఊరికే ఇచ్చినట్టు ఇచ్చేశాడు. మనకి మూతెందుకు, వాసెన కడితే చాలు కదా! ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాల్సొస్తుందని ఆవిడ తెగ దిగులుపడ్డారు. ఇది చేతిలో పెట్టగానే మొహం వెలిగిపోయింది. మా కోడలు జర్మనీలో కూడా జాడీ సంపాదించిందని ఊళ్లో అందరికీ ఫోన్ చేసి చెప్పారు."

మనవాళ్లెవరైనా అదే చేస్తారు. మట్టిది, మెరుస్తోంది, వెడల్పు మూతి, కాబట్టి జాడీ. మన జాడీ గట్టి మట్టితో, మండే బట్టీలో ఉప్పునూ పులుపునూ తట్టుకోవడానికే పుట్టింది. బిస్కెట్లు దాచుకునే డబ్బా వేరే జాతి అని ఎవరికి తడుతుంది? నేనే అయినా నింపేసేదాన్ని.

జాడీ బయటి గోడ మీద, పూతలో పడ్డ సన్నటి పగుళ్ల వెంబడి, తెల్లటి పొడి లేచి ఉంది. అక్క దాని వైపే చూస్తోంది. సౌమ్య కూడా అది చూసి, "తుడుస్తూనే ఉంటానక్కా, మళ్లీ మళ్లీ వస్తుంది" అంది. ఆ మాటతోనే ఒక ముక్క తీసి, మంచినీళ్లలో కడిగి, పాప కంచంలో పెట్టింది. పాప దాన్ని చప్పరించి, "నోహ్ ఐన్స్, మమ్మా" అంది.

"ఇంకోటి కావాలంట. దీనికి నానమ్మ పచ్చడి లేనిదే ముద్ద దిగదు" అని నవ్వింది సౌమ్య.

"గా ముక్క నాకియ్యవా బిడ్డా?" అని అక్క పాప కంచంలోంచి ముక్క తీసేసుకుంది. పాప ఏడుపు మొహం పెట్టింది. సౌమ్య కొత్త నీళ్లు తేవడానికి పక్కకు తిరిగినప్పుడు అక్క నా చెవిలో, "ఇది గాని పాతదే అయితే గా తొక్కు మొత్తం పారేయాలె. పోరి తింటున్నది" అంది. తొక్కంటే వాళ్ల వైపు పచ్చడి. అప్పుడు అర్థమైంది నాకు, ఆమె పాప కంచంలోంచి ముక్క ఎందుకు తీసుకుందో.

నాకు తెలిసి అక్క ఏ జాడీ దగ్గరా అంత నిస్సహాయంగా నిలబడలేదు. తిరగేద్దామంటే నిండా పచ్చడి. సౌమ్య అనుమతి అడిగి నేను జాడీని పైకెత్తి పట్టుకుంటే అక్క కిందనుంచి చూసింది. అడుగున ఎవరో ఫెల్ట్ గుడ్డ అతికించారు, అది నూనెతో నల్లబడిపోయింది. తట్టింది. నిండు జాడీ మోగదు. వాసన చూస్తే ఆవ ఘాటు తప్ప ఇంకేం తెలుస్తుంది? తనకు తెలిసిన విద్యలన్నింటికీ ఆ పచ్చడి అడ్డం పడింది. మిగిలింది సంచిలో మూత.

"ఏంటక్కా, అంత పరీక్షగా చూస్తున్నారు? ఖరీదైనదా?" అంది సౌమ్య, కుతూహలంగా.

అక్క సంచి దగ్గరకు వెళ్లి, తువ్వాలు విప్పి, మూత తీసింది. దాన్ని చూడగానే సౌమ్య కేకేసింది. "అయ్యో, దీని మూతే! మీ దగ్గరుందా?"

వాసెన విప్పారు. అక్క మూతను జాడీ అంచు మీద పెట్టింది. టక. ఆమె ముఖంలోకి రక్తం వచ్చింది. వేలెడు తిప్పింది. టక. ఇన్నేళ్లుగా ఆ చప్పుడు వినబడగానే మొహం ముడుచుకునే మనిషి, ఆ రోజు అది వినబడినప్పుడల్లా ఊపిరి వదులుతోంది. కుదరకపోతే అది గట్టిమట్టి జాడీ కావచ్చన్న ఆశ మిగులుతుంది. ఇంకో వేలెడు తిప్పింది. టక. ఇంకొంచెం తిప్పింది. ఈసారి చప్పుడు రాలేదు. మూత దిగి కూర్చుంది. ఒక పక్క నొక్కింది, రెండో పక్క నొక్కింది. కదల్లేదు. ఆ వంకర ఈ వంకరలో ఒదిగిపోయింది.

సౌమ్య చప్పట్లు కొట్టింది. "కుదిరిందక్కా! ఎన్నాళ్లనుంచి వెతుకుతున్నారో కదా. పచ్చడి అయిపోగానే జాడీ మీకే. ఒట్టు."

అక్క కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చుంది. సీసం సంగతి చెప్పింది, మెల్లగా, ఏదీ దాచకుండా. పులుపు, ఉప్పు గ్లేజ్‌ను తినేశాయనీ, బయట లేస్తున్న ఉప్పే దానికి సాక్ష్యమనీ, పెద్దవాళ్లకన్నా చిన్నపిల్లలకు ఎక్కువ ప్రమాదమనీ చెప్పింది. గాజు సీసాలోకి మార్చినా లాభం లేదని, దిగాల్సింది ఇప్పటికే దిగిపోయిందని చెప్పింది.

సౌమ్య వింటూ వింటూ జాడీని దగ్గరికి లాక్కుంది.

"ఇన్ని నెలలుగా తింటున్నాం, ఎవరికీ తలనొప్పి కూడా రాలేదు. మా ఊళ్లో అందరూ జాడీల్లోనే పెడతారు" అంది. తర్వాత గొంతు మారింది. "అయిపోయాక మీకే ఇస్తానన్నానుగా అక్కా. అప్పటిదాకా ఆగలేరా? దాని కోసం ఆవిడ పచ్చడిని విషమనాలా?"

నాకు ఒళ్లు మండింది. ఏదో అనబోయాను. అక్క నా చెయ్యి నొక్కింది. లేచి నిలబడింది.

"నాకు జాడీ వద్దు సౌమ్యా. మూత గూడ నీకే ఇస్తున్న, ఉంచుకో. పోరిని ఒక్కపారి డాక్టరుకు జూపియ్యి. రక్తంల సీసం జూడుమని అడుగు. నన్ను నమ్మకు, పరీక్షను నమ్ము. అందాక మాత్రం తినపెట్టకు."

కంచాల్లో అన్నం అలాగే ఉంది. పిలిచిన ఇంట్లో తినకుండా లేచి రావడం మా ఇద్దరికీ అదే మొదటిసారి. ఆమెను ఇంట్లో దింపుదామని ఇద్దరం ఎక్కిన ట్రామ్‌లో అక్క ఖాళీ తువ్వాలును మడతలు పెడుతూ కూర్చుంది. నేను సౌమ్యను తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతున్నాను. ఆమె వినడం లేదు.

"సప్పుడే రాలే, విన్నవా?" అంది కాసేపటికి. "గంత మంచిగ కూసున్నది." మొహంలో సంతోషం ఉంది, కళ్లలో నీళ్లూ ఉన్నాయి. "నాకు కడుపు నిండింది చెల్లె. గా పిల్ల కడుపు గొట్టి నింపుకున్నట్టున్నది."

పది రోజులు గడిచాయి. అక్క నుంచి ఫోన్ వస్తే ముందు అడిగే మాట అదే. పాపకు డాక్టరు టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరికిందటనా? పరీక్ష చేశారటనా? నాకు తెలియదని చెప్పేదాన్ని. తెలుసుకోమనేది. నేను మొండికేసేదాన్ని. ఆ తర్వాత సౌమ్యే నాకు ఫోన్ చేసింది. పాప రక్తంలో సీసం ఉండాల్సిన దానికన్నా ఎక్కువే ఉందట. ఇప్పుడే తెలియడం మంచిదయిందనీ, ఇక ఆ తిండి ఆపేస్తే నెమ్మదిగా తగ్గుతుందనీ, మళ్లీ పరీక్ష చేద్దామనీ డాక్టరమ్మ చెప్పిందట. మేము బయల్దేరిన సాయంత్రమే పచ్చడి పైన పెట్టేశాననీ, పాపకు మళ్లీ పెట్టలేదనీ చెప్పింది. "అక్క ఇంట్లో ఉంటారా? నాతో మీరు కూడా రండి, ఒక్కదాన్నే రాలేను" అంది.

వెళ్లాం. సౌమ్య ఒక చేత్తో జాడీ, ఇంకో చేత్తో సంచి పట్టుకొచ్చింది. సంచిలో గాజు సీసాల నిండా ఆవకాయ.

"ఏ చెత్తడబ్బాలో వెయ్యాలో తెలియలేదక్కా" అంది గుమ్మంలోనే. "బయోలో వెయ్యాలా, రెస్ట్‌లోనా? రోజూ కిందికి తీసుకెళ్తున్నాను, మళ్లీ పైకి తెచ్చుకుంటున్నాను."

"బయోల వద్దు. అది మళ్ల మట్టయితది, ఎవరి తోటలకో పోతది" అంది అక్క. చెప్పులేసుకుంది. "పా, నేనొస్త."

ముగ్గురం కిందికి దిగాం. అక్క రెస్ట్, అంటే మిగతా చెత్త వేసే నల్లడబ్బా మూత ఎత్తి పట్టుకుంది. సౌమ్య సీసాలను పడెయ్యలేదు. వంగి, ఒక్కొక్కటే లోపల నిలబెట్టింది, ఒరగకుండా సర్దింది. పై అంతస్తు జర్మన్ ఆయన చెత్త సంచితో వచ్చి, మమ్మల్ని చూసి, ఏమనుకున్నాడో ఏమో, దూరంగా ఆగి నిలబడ్డాడు. సౌమ్య సర్దడం అయ్యేదాకా ఆయన ఒక్క అడుగు ముందుకు వేయలేదు.

పైకొచ్చాక సౌమ్య జాడీని అక్క ముందు పెట్టింది. శుభ్రంగా కడిగి, మూత పెట్టి తెచ్చింది. "ఇది మీదే. ఆ రోజు ఏదో అనేశాను."

"నా బిడ్డ నోటికాడి ముక్క ఎవరన్న గుంజుకుంటే నేను గూడ గట్లనే అంటుంటి" అంది అక్క. ఇక ఆ సంగతి అక్కడితో వదిలేసింది. జాడీని ఒళ్లోకి తీసుకుంది.

అప్పుడు తిరగేసింది. ఫెల్ట్ గుడ్డ ఊడబెరికి, అడుగు చూసి, కణుపుతో తట్టి, లైట్ లోపల పెట్టి మెడ వంచింది. ఇన్నేళ్లు ఎదురుచూసిన మనిషి, తొందరపడకుండా, ఆబగా, ఇంచి ఇంచి చూసింది. సౌమ్య, నేను ఆసుపత్రి వరండాలో కూర్చున్నట్టు కూర్చున్నాం.

"విలువ ఎంతుంటుందక్కా?" అంది సౌమ్య.

"కొనేటోళ్లకా? ఏం లేదు. లోపల గ్లేజ్ పొక్కులు లేసింది, ఊడుతది. మూత ఉన్నా ఎవడు కొనడు." అక్క జాడీ గోడ మీద ఒకచోట బొటనవేలితో నిమిరింది. అక్కడ తెల్లటి పొడి సన్నగా లేచి ఉంది. "ఎప్పుడు కడిగినవు?"

"బుధవారం. మళ్లీ వచ్చింది."

"వస్తనే ఉంటది. ఎంత కడిగినా ఆగదు. తొక్కు పోయింది గని ఉప్పు మట్టిల దిగింది. ఏండ్లకేండ్లు గిట్లనే బయటికొస్తది." అక్క మూత సరిగ్గా కూర్చోబెట్టి, చప్పుడు రాకుండా తిప్పి, జాడీని సౌమ్య వైపు జరిపింది. "నా అల్మరాల పెడ్తే పాడైన జాడీ అంటరు. నీ ఇంట్ల ఉంటే, గది మీ అత్తమ్మ చేత్తోని ఏసిన ఉప్పు. తీస్కపో. తిండి మాత్రం పెట్టకు."

సౌమ్య చూపుడువేలితో ఆ తెల్లటి పొడిని తీసింది. వేలు నోటి దాకా వెళ్లింది.

అక్క చటుక్కున మణికట్టు పట్టుకుంది. "పిచ్చిదానా, నాకకు!"

సౌమ్య నవ్వబోయింది. నవ్వు రాలేదు. "ఒక్కసారి అక్కా" అంది.

అక్క వదల్లేదు. ఆ చెయ్యి పట్టుకునే లేపి, వంటింటి సింకు దగ్గరకు తీసుకెళ్లి, నల్లా తిప్పి, ఆ వేలిని సబ్బుతో పసిపిల్లకు కడిగినట్టు కడిగింది. పొడి ఎప్పుడో పోయింది. అయినా కడుగుతూనే ఉంది. సౌమ్య ఏడుస్తూ చెయ్యి అలాగే నీళ్ల కింద ఉంచింది.